మూడు నిమిషాల పాట, కింద ఎవరి పేరు?

పోస్టు పెద్దగనే ఉంటది. మెస్సుల తిన్నంక తీరుబడిగ చదువుండ్రి. ఇది స్కాలర్‌షిప్పుల గురించి కాదు, గ్రూప్స్ నోటిఫికేషన్ గురించి కాదు. కొత్త పాటల గురించి. సొంతంగ పాటలు చేసుకునే చిన్న చిన్న బ్యాండ్ల గురించి. చివరికి మన తాండలు, గూడేల పాటల దగ్గరికే వస్తది, మధ్యల వదిలిపెట్టకుండ్రి.

మేము నలుగురం. మానుకోట దిక్కు తాండ నుంచి ఒక అక్క, ఆమె తమ్ముడు, ఉట్నూరు నుంచి గోండు తమ్ముడు, మణుగూరు నుంచి కోయ అన్న. అక్కకు ఉస్మానియా క్యాంపస్ లేడీస్ హాస్టల్ల సీటు వచ్చింది. మిగిలిన ముగ్గురం మౌలాలిల రూము తీసుకున్నం, తార్నాకల కిరాయి మా వల్ల కాక. ఒక రకంగ మంచిదే అయ్యింది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే లైను మౌలాలి మీదనే పోతది. మానుకోట పోవాలన్నా మణుగూరు పోవాలన్నా మా రూము పక్క నుంచే. పండుగలకు ఇంటికి పోలేనప్పుడు ఆ బండి కూత వింటే పాణం గుంజుతది. ఆ కూతనే మా రికార్డింగులకు శత్రువు కూడ, ఆ సంగతి తర్వాత చెప్తం.

శుక్రవారం రాత్రి మాకు పాటల రాత్రి. ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారమే విడుదల చెయ్యాలని 2015 జులైల సంగీత కంపెనీలు నిర్ణయం చేసుకున్నయి. అప్పటిసంది అమెరికాల అయినా న్యూజిలాండ్ల అయినా కొత్త ఆల్బం అంటే శుక్రవారమే. మనకు అట్ల కాదు. మన పాటలు తీజ్ ముంగట, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి ముంగట, హోలీ ముంగట, దండారి ముంగట వస్తయి. వాళ్ల పాటకు వారం ఉంటది, మన పాటకు పండుగ ఉంటది. మేము రెండూ వింటం.

ఇఫ్లూల చదివే మా దోస్తు ఒకాయన ఒకసారి తార్నాకల చాయ్ తాగుతుంటే ఇయర్‌ఫోన్ ఒకటి మా చెవుల పెట్టిండు. "పవర్ పాప్" అన్నడు. మేము పవర్ అంటే డీజే బాక్సులు దడదడలాడుతయేమో అనుకున్నం. అది కాదు. గిటార్లు గట్టిగనే ఉంటయి, డ్రమ్ము గట్టిగనే ఉంటది, కాని వాటి మీద పాట మాత్రం చిన్నపిల్లలు కూడ ఒక్కసారి వింటే పట్టుకునేంత తియ్యగుంటది. ఇద్దరు ముగ్గురు గొంతు కలిపి పాడతరు. మూడు నిమిషాలల్ల అయిపోతది. మాటలు చూస్తే మాత్రం ఏడుపే. ఆ పేరు 1967ల పీట్ టౌన్‌షెండ్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు తన బ్యాండు "ది హూ" వాయించే పాటలకు పెట్టుకున్నది. తర్వాత 1970లల్ల ఆ పేరుతోటి ఒక గుంపే తయారైంది.

ఆ దోస్తు వినిపించింది "ది బెత్స్" అని న్యూజిలాండ్ బ్యాండు. ఆక్లండ్ నుంచి. పాటలు రాసి పాడే ఎలిజబెత్ స్టోక్స్ పుట్టింది ఇండోనేషియా జకార్తల, నాలుగేండ్లప్పుడు న్యూజిలాండ్ పోయింది. 2022 సెప్టెంబర్ల వాళ్ల మూడో ఆల్బం వచ్చింది, "ఎక్స్‌పర్ట్ ఇన్ ఎ డయింగ్ ఫీల్డ్". చచ్చిపోతున్న రంగంల నిపుణులు అని చెప్పుకోవచ్చు. విడిపోయిన ఇద్దరి గురించి ఆ పాట. ఒక మనిషి గురించి ఇన్నేండ్లు నేర్చుకున్న సంగతులన్నీ, ఆ మనిషి పోయినంక ఏం చేసుకోవాలె అని. ఇష్టాలు, అలవాట్లు, అలకలు, అన్నీ తెలుసు, ఇప్పుడు ఆ చదువుకు పని లేదు.

దోస్తు ఇదంతా ప్రేమ సంగతిగ చెప్పిండు. అక్క మాత్రం నవ్వి, "ఇది మా నానమ్మ కథ" అన్నది. ఆమెకు తీజ్ తొమ్మిది రోజులకు తొమ్మిది రకాల పాటలు వస్తయి. పెండ్లిల పిల్లను సాగనంపేటప్పుడు ఏడ్చుకుంట పాడేటివి వస్తయి. సీత్ల పండుగకు వేరే, హోలీకి వేరే. అన్నీ గోర్ బోలీల. ఆమెకు వచ్చిన దాంట్ల పదోవంతు అక్కకు రాదు. అక్కకు వచ్చిన దాంట్ల సగం తమ్మునికి రాదు. ఉట్నూరు తమ్ముడు కూడ అప్పుడే వాళ్ల ఊరి ప్రధాన్ తాత సంగతి చెప్పిండు. కిక్రి వాయించుకుంట గోండు దేవతల కథలు రాత్రంతా పాడతడట. ఆయన కొడుకు ఆటో నడుపుతడు, కిక్రి పట్టడు. 2024ల మనం ఇద్దరిని పోగొట్టుకున్నం. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య, గుస్సాడి నేర్పిన మర్లవాయి కనకరాజు. ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చినయి. సమ్మక్క సారలమ్మ కథను రామచంద్రయ్య తాత కోయల, తెలుగుల పాడేటోడు. ఆయన లెక్క మొత్తం కథ పాడేటోళ్లను ఇప్పుడు ఎక్కడ వెతుకుదాం?

లెక్కలు కూడ ఒకసారి చూడుండ్రి. 2011 జనాభా లెక్కల్ల గోండీ మాట్లాడేటోళ్లు దేశం మొత్తం మీద సుమారు 29.8 లక్షలు. లంబాడి మాట్లాడేటోళ్లు సుమారు 32.7 లక్షలు, కాని ఆ లెక్క హిందీ కింద వేసిన్రు. అంటే మన నానమ్మ గోర్ బోలీల పాడినా సర్కారు పుస్తకంల హిందీల పాడినట్టే. రెండూ ఎనిమిదో షెడ్యూల్ల లేవు. గోండీకి మాత్రం లిపి ఉన్నది, ఆదిలాబాద్ గుంజాల ఊర్ల దొరికిన రాతప్రతుల లిపి 2018ల యూనికోడ్ల కూడ చేరింది. అయినా యూట్యూబుల గోండీ పాట పెట్టేటోళ్లు తెలుగు అక్షరాలల్లనో ఇంగ్లీషు అక్షరాలల్లనో పేరు రాస్తరు, లేకుంటే వెతికితే ఎవలకూ దొరకదు కాబట్టి.

అట్ల ఆ పవర్ పాప్ మీద మనసు పడ్డది. వెనక్కి పోయి విన్నం. 1972ల మెంఫిస్ ఊరి బ్యాండు "బిగ్ స్టార్" మొదటి ఆల్బం తెచ్చింది. పేరే "నంబర్ 1 రికార్డ్". రాసినోళ్లందరు మెచ్చుకున్నరు. కాని దుకాణాలకు డిస్కులు చేరలె. రేడియోల విని కొందామని పోయినోళ్లకు డిస్కు దొరకలె. పది వేలు కూడ అమ్ముడుపోలె. అందుల ఒకాయన క్రిస్ బెల్ 27 ఏండ్లకే 1978ల కారు ప్రమాదంల పోయిండు. అదే ఆల్బంల ఒక పాటను 1998ల అమెరికాల ఒక పెద్ద టీవీ సీరియల్ టైటిల్ పాటగ పెట్టుకున్నరు. అప్పటికి పాట చేసినోళ్ల వయసు అయిపోయింది.

ఇంకొకటి ఇంకా ఘోరం. "బ్యాడ్‌ఫింగర్" అని బ్రిటన్ బ్యాండు. బీటిల్స్ సొంత కంపెనీ ఆపిల్ వాళ్ల పాటలు వేసింది. 1970ల వాళ్లు చేసిన "విత్అవుట్ యూ" పాటను హ్యారీ నిల్సన్ పాడితే 1972ల నంబర్ వన్ అయింది, 1994ల మరయా కేరీ పాడితే మళ్ల ప్రపంచమంతా మోగింది. రాసిన ఇద్దరు పీట్ హామ్, టామ్ ఎవాన్స్. చేతిల పైసలు లేక, కాగితాల లొల్లిల ఇరుక్కొని పీట్ హామ్ 1975ల, టామ్ ఎవాన్స్ 1983ల ఉరేసుకున్నరు. పాట మాత్రం నేటికీ పైసలు తెస్తనే ఉన్నది. ఇది విన్న రాత్రి మా రూముల ఎవలమూ పెద్దగ మాట్లాడలె.

ఇప్పటి పిల్లలు దాన్ని చూసి తెలివి నేర్చుకున్నట్టుంది. షికాగోల కై స్లేటర్ అని చిన్న వయసు పిల్లగాడు "షార్ప్ పిన్స్" పేరు మీద ఇంట్ల నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్ మీద పాటలు చేస్తడు. 2024ల "రేడియో డీడీఆర్" అని క్యాసెట్టు తెచ్చిండు, 2025ల అది పెద్దగ విడుదలైంది. వింటే 1960ల రికార్డు లెక్కనే ఉంటది, గరగర తోటి సహా. బెత్స్ 2025 ఆగస్టుల "స్ట్రెయిట్ లైన్ వాజ్ ఎ లై" తెచ్చిన్రు. మాకు దానికన్నా 2022దే బాగనిపించింది, ఎవలేమనుకున్నా సరే. లెమన్ ట్విగ్స్ అని న్యూయార్క్ దిక్కు అన్నదమ్ములు ఇద్దరు ఉన్నరు, 2024 మేల ఆల్బం తెచ్చిన్రు, గొంతులు కలుపుతుంటే దేవుడే దిగినట్టుంటది, కాని నాలుగు పాటలయినంక అంత తీపి మాకు వెగటనిపించింది.

మనోళ్లు కూడ ఉన్నరు. మిజోరం ఐజాల్ నుంచి "అవోరా రికార్డ్స్" బ్యాండు. గిటార్ల తోటి పాప్ పాటలు, ఇంగ్లీషుల. వాళ్లు మిజోలు, మన లెక్కనే ఎస్టీలు. నాగాలాండ్ నుంచి టెట్సియో అక్కచెల్లెళ్లు వాళ్ల చోక్రి భాషల "లి" అనే పాతకాలం పాటలను ఇప్పటి వాయిద్యాల తోటి పాడతరు. ఆదివాసి అంటే డోలు పట్టుకొని రిపబ్లిక్ డే నాడు ఢిల్లీల ఎగరడమే అనుకునేటోళ్లకు ఇవి వినిపించాలె. తెలుగుల చూస్తే హైదరాబాద్ "చౌరస్తా" బ్యాండు రెగ్గే దరువు మీద "ఊరెళ్లిపోతా మామా" చేసింది, సిన్మా లేకుండనే జనంల పోయింది. అందుల పాడిన రామ్ మిరియాల తర్వాత సిన్మాలకు పోయి డీజే టిల్లు పాటతోటి పెద్ద పేరు తెచ్చుకున్నడు. పోవడం తప్పు అనం. పాట చేసుకొని బతకాలంటే మన దగ్గర సిన్మా ఒక్కటే పెద్ద తలుపు.

ఆ తలుపుల నుంచి మన ఆడపిల్లలు కూడ పోయిన్రు. మంగ్లీ అసలు పేరు సత్యవతి, అనంతపురం దిక్కు తాండ బిడ్డ. టీవీల, యూట్యూబుల పాడి పాడి "రాములో రాములా" దాక, "సారంగ దరియా" దాక పోయింది. ఆమె చెల్లె ఇంద్రావతి చౌహాన్ "ఊ అంటావా" పాడింది. రెండు రాష్ట్రాలల్ల ఏ పెండ్లి బరాత్ల విన్నా ఆ గొంతులే. "సారంగ దరియా" వచ్చినప్పుడు 2021ల ఆ పల్లెపాటను ముందు ఎవరు సేకరించిన్రు, ఎవరు పాడిన్రు అని ఎంత లొల్లి అయిందో మీకు యాదికుండాలె. అదే ఏడు తమిళంల "ఎంజాయ్ ఎంజామి" వచ్చింది, అరివు వాళ్ల నానమ్మ బతుకు నుంచి ఎత్తుకున్న పాట. సిన్మా కాదు, స్వతంత్రంగ చేసిన పాట. కోట్ల మంది చూసిన్రు. మూడేండ్లయినంక 2024ల దాని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమకు ఒక్క రూపాయి రాలేదని అందరి ముంగట చెప్పిండు. బ్యాడ్‌ఫింగర్ కథ 1975ల ఆగిపోలె అన్నట్టు.

ఇక మన తాండల పాటలు. వారానికి ఎన్ని వస్తున్నయో లెక్క పెట్టుట మా వల్ల కాలె. ఒకలు రాస్తరు, ఒకలు పాడతరు, జిల్లా సెంటర్ల చిన్న స్టూడియోల కీబోర్డు మీద ట్రాక్ చేస్తరు, రిథమ్ ప్యాడ్ వాయించే తమ్ముడు దరువు ఇస్తడు, పొలం గట్టు మీద, చెరువు కట్ట మీద వీడియో తీస్తరు, డ్రోన్ ఒకటి పైకి లేస్తది. పాట అదే రోజు యూట్యూబుల. నిజంగ చెప్పాలంటే మాకు ఇవి ఆ పవర్ పాప్ పాటలకు దగ్గర చుట్టాలే అనిపిస్తయి. దరువు గట్టిగ, రాగం తియ్యగ, కథ మాత్రం విరహం. పిల్ల పట్నం పోయి మర్చిపోయింది, పిలగాడు దుబాయి పోయిండు. మూడు నాలుగు నిమిషాలు. ఒక్కసారి వింటే నోట్లె ఉంటది.

మా కంప్లైంటు ఒకటే. అందరికీ ఒకటే ప్యాడ్ దెబ్బ, అందరి గొంతు ఒకటే ఆటోట్యూన్ల నుంచి పోతది. నానమ్మ గొంతుల ఉండే ఆ చిన్న వణుకు, మాట చివర గొంతు కిందికి జారుడు, అది మిషన్ల సాఫ్ అయిపోతది. తప్పు సుతిలో లేదు, సుతి మరీ సరిగ్గ ఉండుట్ల ఉన్నది.

ఇంకొకటి చూసినం. పాట కింద డిస్క్రిప్షన్ల కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు, డ్రోన్ ఎవరు అన్నీ ఉంటయి. పాట ఎవరిది అనే కాడ "సేకరణ" అని రాసి ఛానెల్ ఓనర్ పేరు. ఎవల దగ్గర సేకరించిండు? ఆ ముసలమ్మ పేరు ఎక్కడ? సేకరణ అంటే వడ్లు, ఇప్పపువ్వు సేకరించినట్టు, చెట్టుకు పేరుండదు కద.

ఇప్పుడు మా సంగతి. పోయిన తీజ్‌కు అక్క, తమ్ముడు తాండకు పోయినప్పుడు నానమ్మ, ఆమె జట్టు పాడింది ఫోన్ల రికార్డు చేసిన్రు. తెల్వనోళ్లకు చెప్తున్నం: శ్రావణంల పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టలల్ల గోధుమలు మొలకేసి తొమ్మిది రోజులు నీళ్లు పోసుకుంట పాడతరు, ఆఖరు రోజు నిమజ్జనం చేస్తరు. పిల్లలకు పాటలు రాకుంటే పెద్దమ్మలు ముందుండి అందిస్తరు. ఆ పాట రెండు జట్లు పాడతయి. ఒక జట్టు చివరి మాట ఇంకా అయిపోకముందే రెండో జట్టు ఎత్తుకుంటది. ఆ రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడే జాగ ఉన్నది చూడుండ్రి, లెమన్ ట్విగ్స్ అన్నదమ్ములు స్టూడియోల ఎన్ని రోజులు కూసున్నా అది రాదు.

దానికి రూముల గిటార్ కలిపినం. సెకండ్ హ్యాండ్ గిటారు, మూడు కార్డులు, జీ, సీ, డీ. మణుగూరు అన్న డోలు. దుప్పట్లు గోడలకు కట్టినం, చప్పుడు తగ్గాలని. బండి పోయినంక ఇంకో బండి వచ్చే దాక ఎంత టైముందో చూసుకొని ఒక్కొక్క టేకు. ఒక గూడ్స్ బండి మాత్రం టైము టేబుల్ల ఉండదు, అది మంచి టేకుకే వస్తది. ఉట్నూరు తమ్ముడు పాటల దండారి దరువు ఒకటి వేస్తా అన్నడు, మళ్ల తనే వద్దన్నడు. అది దండారి దినాలల్ల, గుస్సాడి దేవుని ముంగట వాయించేది, మా పటేల్‌ను అడగకుండ వేరే కాడ వాయించ అన్నడు. ఆయన మాట మేము కాదనలె. బేస్ గిటార్ వాయించిండు. పాట రెండు నిమిషాల యాభై సెకండ్లు వచ్చింది.

ఒక ఛానెల్ ఆయనకు ఎట్లనో ఈ సంగతి తెలిసింది. బాగున్నది, 20 వేలిస్త, పాట నాకు రాసియ్యుండ్రి అన్నడు. 20 వేలంటే మాకు చిన్న మాట కాదు. ముగ్గురి రూము కిరాయి కొన్ని నెలలు ఎల్లిపోతది. కాగితం పంపిండు. అందుల పాట, రాగం, రికార్డింగు, వీడియో, "ఇప్పటి, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలల్ల, శాశ్వతంగ, ప్రపంచమంతటా" అని ఉన్నది. మా నానమ్మ పాడిన పాట చంద్రుని మీద కూడ ఆయనదే.

లా కాలేజీల చదివే మన సీనియర్ అన్నకు చూపెట్టినం. ఆయన చెప్పింది గ్రూపుల అందరికీ పనికొస్తది కాబట్టి రాస్తున్నం. కాపీరైట్ చట్టం 1957ది, 2012ల మార్పు చేసిన్రు. హక్కు రాసియ్యాలంటే కాగితం మీద సంతకం ఉండాలె, నోటి మాట చెల్లదు. ఎన్నేండ్లకు అని కాగితంల లేకుంటే ఐదేండ్లకే అని లెక్క. ఏ జాగకు అని లేకుంటే భారతదేశం వరకే. అందుకే వాళ్లు "శాశ్వతంగ, ప్రపంచమంతటా" అని మరిచిపోకుండ రాస్తరు. పాట రాసినోళ్లకు, రాగం కట్టినోళ్లకు రాయల్టీల వాటా 2012 తర్వాత ఊరికే వదిలిపెట్టేది కాదు. పాడినోళ్లకు కూడ వేరే హక్కు ఉన్నది, 50 ఏండ్ల దాక. కాని తరతరాల పాట అయితే రాసినోళ్లు ఎవలూ లేరని చట్టం చూస్తది, అది అందరిదీ. రికార్డింగు మాత్రం చేసినోళ్లది, 60 ఏండ్లు.

చిక్కంతా ఇక్కడే. పాట అందరిది, రికార్డింగు ఒకనిది. యూట్యూబుల కంటెంట్ ఐడీ అని ఉన్నది, ఒకలు తమ రికార్డింగును అందుల ఎక్కిస్తే, ఎవలు పెట్టిన పాట దానికి కలిసినా మిషన్ పట్టుకొని క్లెయిమ్ వేస్తది. రేపు మా తాండ పిల్లలు తీజ్ నాడు ఆడుకుంట, వెనుక ఈ రికార్డింగు మోగుతుంటే వీడియో పెడితే, ఆ వీడియో మీద వచ్చే పైసలు ఛానెల్ ఆయనకు పోతయి. తాండ పాట తాండకు కిరాయికి వస్తది.

ఈ పంచాయితీ రూముల తెగలె. మౌలాలి గుట్ట దిక్కు నడిచినం. గుట్ట మీద దర్గా అందరికీ ఎరుకే, కింద మహలఖా బాయి చందా సమాధి ఉన్నదని మనల శానా మందికి తెల్వదు. 1768ల పుట్టి 1824ల పోయింది. నిజాం దర్బారుల పాడేది, ఆడేది, ఉర్దూల రాసేది. తల్లి కోసం అక్కడ సమాధి, తోట కట్టించి, తను కూడ అక్కడే పండుకున్నది. 2010 తర్వాత దాన్ని బాగు చేసిన్రు. ఆమెకు అడిక్‌మెట్ జాగీరు ఉండేది. ఇప్పుడు మనం క్లాసులకు పోయే ఉస్మానియా క్యాంపస్ ఆ నేల మీదనే ఉన్నది, ఇఫ్లూల ఆమె పేరు మీద బావి కూడ ఉన్నది. అంటే మన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసోని పాడుకుంటున్నమంటే ఒక పాటగత్తె నేల మీద పాడుకుంటున్నట్టే.

ఉర్దూల సొంత దీవాన్ ఉన్న తొలి ఆడోళ్లల్ల ఆమె ఒకామె. గజల్ చివరి రెండు పంక్తులల్ల రాసినోళ్లు తమ కలం పేరు పెట్టుకుంటరు. ఆమె "చందా" అని పెట్టుకున్నది. డిస్క్రిప్షన్ బాక్సు అక్కరలేదు, పాటల్నే సంతకం. ఎవలు పాడినా ఆ పేరు పాడక తప్పదు. త్యాగరాజు కూడ అట్లనే చేసిండు. మరి మన పాటలల్ల ఎవల పేరూ ఎందుకు లేదు? ఉట్నూరు తమ్ముడు అన్నడు, "ఉండకూడదనే కద. పేరు పెడితే ఒకనిది అయితది." మణుగూరు అన్న దానికి ఒప్పుకోలె. "పేరు లేదు కాబట్టే ఎవడు పడితే వాడు పేరు పెట్టుకుంటున్నడు." ఇద్దరి మాటా నిజమే అని ఆ రోజు అనిపించింది, ఇయ్యాల కూడ అట్లనే అనిపిస్తది.

20 వేలకు వద్దని చెప్పినం. ఛానెల్ ఆయన 30 అన్నడు, మళ్ల వద్దన్నం. చెప్పినంక రెండు రోజులు కిరాయి సంగతి ఎవలమూ ఎత్తలె. పాట మేమే సొంతంగ వదులుతం. పైసలు వస్తయని ఆశ లేదు. యూట్యూబుల ప్రకటన పైసలు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల నాలుగు వేల గంటలు చూసి ఉండాలె. స్పాటిఫైల 2024 నుంచి ఒక పాటను ఏడాదిల వెయ్యి సార్లు వినకుంటే ఆ పాటకు పైసా రాదు. ఇవన్నీ తెలిసే వదులుతున్నం. బ్యాండు పేరు కూడ ఇంకా కుదరలె, ఒక్కొక్కలం ఒక్కొక్కటి చెప్తున్నం, నాలుగు పేర్లు, నలుగురికీ నచ్చనివి.

పాట కింద ఏం రాయాలె అన్నది మాత్రం అక్క ఫోన్ చేసి నానమ్మనే అడిగింది. మేము రాసి పెట్టుకున్నది: "సంప్రదాయ తీజ్ పాట, పాడినది" అని నానమ్మ పేరు, తాండ పేరు. నానమ్మ విని గట్టిగ నవ్వింది. "నా ఒక్కదాని పేరేంది? ఎదురు జట్టు ఎత్తుకోకుంటే నేను రెండో మాట పాడగల్తనా?" అన్నది. రెండు జట్లల్ల కలిపి పదకొండు మంది. అందరి పేర్లూ రాయమన్నది. అందుల ఇద్దరు ఈ ఏడాదిలనే పోయిన్రు, వాళ్లవి ముందు రాయమన్నది.

పది పేర్లు దొరికినయి. పదకొండో ఆమెది దొరుకుతలేదు. తాండల అందరూ ఆమెను పెద్దకొడుకు పేరు పెట్టి ఫలానావాని యాడి అనే పిలుస్తరు, నానమ్మకు కూడ అసలు పేరు యాదికి లేదు. పోయిన ఇద్దరిల ఆమె ఒకామె, కాబట్టి ఆమెను అడిగే తొవ్వ లేదు. కొడుకు ముంబైల కూలి పనికి పోయిండు, ఫోన్ కలుస్తలేదు. రేషన్ కార్డుల చూడమని సర్పంచ్ అన్నకు చెప్పినం, ఆయన ఊర్ల లేడు, రాంగనే చూస్తా అన్నడు. ఆ పేరు దొరికిన వారం శుక్రవారం పాట వదులుతం, లింక్ ఇక్కడనే కామెంట్ల పెడతం.

మానుకోట దిక్కు పోయేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.